వదలని తలనొప్పి: మెదడు పొరలలో బూజు
(ప్రసంగ పాఠము)

తలనొప్పి ఎరుగని మనుష్యుడు లోకములో ఉండడు. ఎండలో తిరిగినను, నిద్ర చాలకున్నను, పడిశము పట్టినను, అప్పులవాడు గుమ్మములో నిలిచినను తల నొచ్చును. శొంఠి పట్టు వేసికొందుము. లేక ఒక మాత్ర మ్రింగుదుము. తెల్లవారునప్పటికి అది పోవును. తలనొప్పులలో చాలా భాగము ఇట్టివే. వానిని గూర్చి భయపడవలసిన పనిలేదు. నేను ఈ దినము చెప్పబోవునది పోని తలనొప్పిని గూర్చి.

శ్రోతలు ఒక కుటుంబమును ఊహించుకొనవలెనని కోరుచున్నాను. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. పలు ఇండ్లలో జరుగు దానిని ఒక్కచో కూర్చి చెప్పుచున్నాను. ఇంటి యజమానికి 40 ఏండ్లు ఉండును. కష్టజీవి. ఒకనాడు తలనొప్పి అనెను. మందుల దుకాణములో మాత్రలు కొనిరి. రెండవ వారములో ఒళ్ళు వెచ్చబడినది; టైఫాయిడ్ అని సూదిమందు వేయించిరి. మూడవ వారములో చూపు మందగించినదని కళ్ళద్దములు మార్పించిరి. దిష్టి తగిలినదని తల్లి ఉప్పు తీసి పోసెను. నాలుగవ వారములో వాంతులు మొదలయ్యెను. అయిదవ వారములో ఆయనకు ఒక మనిషి ఇద్దరుగా కనబడసాగెను. మాట్లాడుచు మాట్లాడుచు మధ్యలో మాట మరచిపోవుచుండెను. అప్పుడు పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వైద్యుడు చూచి, వెన్నులోనుండి కొంచెము నీరు తీసి పరీక్షింపవలెనని చెప్పెను. తల్లి చేతులు జోడించెను. "డాక్టరు గారూ, వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయంటారు బాబూ. మాకు వద్దు. వాణ్ణి ఇంటికి తీసుకుపోతాం." ఆ సాయంకాలమే వారు రోగిని ఇంటికి తీసికొనిపోయిరి.

ఆ తల్లి మాటలో ప్రేమ ఉన్నది, భయమున్నది, తెలియమి కూడ ఉన్నది. ఈ మూడింటిలో తెలియమిని తొలగించిన, భయము దానంతట అదే తొలగును. అందుకొరకే ఈ ప్రసంగము.

మెదడును, వెన్నుపామును మూడు పొరలు కప్పియుండును. శరీరశాస్త్ర గ్రంథములలో వానికి వరాశిక, లౌతికళ, మృద్వి అని పేర్లు. పుర్రె అను గట్టి పెట్టెలో, ఈ మూడు వస్త్రములలో చుట్టబడి, మెదడు ఒక తేటనీటిలో తేలుచుండును. ఆ నీటిని మస్తిష్కమేరు ద్రవమందురు. వెన్నుపాము చుట్టును ఉండు నీరు కూడ ఇదియే. పెద్దవారి శరీరములో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసెడు, ఉండును. కాని దినమునకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుచుండును. అంత నీరును రక్తములోనికి ఇంకిపోవుచుండును. ఈ ఊటను, ఈ ఇంకుటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథ వీనిమీదనే నడచును.

ఆ పొరలు వాచుటను మెనింజైటిస్ అందురు. కొన్ని సూక్ష్మజీవుల వలన వచ్చు వాపు పిడుగువంటిది. గంటలలో, దినములలో మనిషిని పడవేయును. దానిని చూచి ఎవరును ఆలస్యము చేయరు. మరియొక విధమైన వాపు చాప క్రింద నీరు వంటిది. నాలుగు వారములు, అంతకు మించి, కొన్ని యెడల నెలల తరబడి సాగును. దీనిని దీర్ఘకాలిక మెనింజైటిస్ అందురు. ఒక దినము కొంచెము తగ్గినట్లుండును. ఇంటివారు ఊరట చెందుదురు. మరునాడు మరల తల ఎత్తును. నెమ్మదిగా వచ్చునది గనుక చిన్నదని భ్రమింపజేయుటయే దీని మొదటి అపాయము.

మన దేశములో దీర్ఘకాలిక మెనింజైటిస్‌కు కారణములలో మొదట చెప్పవలసినది క్షయ. ఆ తరువాత ముఖ్యముగా చెప్పవలసినవి శిలీంధ్రములు, అనగా బూజు, పుట్టగొడుగు, ఈస్టు మొదలగు వాని కుటుంబము. ఊరగాయ మీద తేలు తెల్లని బూజును, కల్లును పులియబెట్టు ఈస్టును మనమెరుగుదుము. ఆ జాతికి చెందిన ప్రాణి మనిషి మెదడు పొరలలో కాపురము పెట్టుననిన నమ్మశక్యముగా ఉండదు. కాని అది నిజము. ఈ పని చేయు శిలీంధ్రములు కొన్ని కలవు. అమెరికా నైరుతి భాగపు ఎడారులలో కాక్సిడియాయిడిస్ అనునది అట్టిదే. ప్రపంచమంతట అధికముగా కనబడునది మాత్రము క్రిప్టోకాకస్. ఆ గ్రీకు పేరునకు దాగియున్న గింజ అని అర్థము చెప్పవచ్చును. ఇంతకంటె తగిన పేరు దొరకదు.

దీనిని మొదట గుర్తించినది 1894లో. జర్మనీ దేశములోని గ్రైఫ్స్‌వాల్డ్ నగరములో ఒట్టో బుస్సె అను వైద్యుడు, ఒక స్త్రీ కాలి ఎముకకు పట్టిన వ్యాధిలో ఈస్టువంటి కణములను చూచెను. అబ్రహాం బుష్కె అను వైద్యుడును అదే రోగిని పరీక్షించి వ్రాసెను. అదే సంవత్సరము ఇటలీలో ఫ్రాన్సెస్కో సాన్‌ఫెలీచె అను శాస్త్రజ్ఞుడు ఇటువంటి కణమునే పీచ్ పండ్ల రసమునుండి తీసెను. ఒకరికి వ్యాధిలో, మరియొకరికి పండ్లరసములో ఒకే జాతి దొరకుట విచిత్రము కదా! ఇది మనిషిని వెదకుకొనుచు వచ్చు పురుగు కాదు. ప్రకృతిలో తన బ్రతుకు తాను బ్రతుకునట్టిది. మన దక్షిణదేశములో దీని జాడ కొత్తది కాదు. 1954లోనే మద్రాసుకు చెందిన బి. రామమూర్తి, అంగుళి అను వైద్యులు వెన్నుపాములో ఈ శిలీంధ్రము కలిగించిన గడ్డను గూర్చి ప్రకటించిరి.

అది బ్రతుకు చోటెక్కడ? 1955లో అమెరికాలో చెస్టర్ ఎమ్మన్స్ అను శాస్త్రజ్ఞుడు, పావురముల రెట్టలో ఇది సమృద్ధిగా పెరుగుచున్నదని చూపెను. పావురమునకు జబ్బు చేయదు. ఎండిన రెట్ట ధూళియై గాలిలో కలియును. మన దేశములో నేరేడు మొదలగు చెట్ల తొర్రలలో, కుళ్ళిన మ్రానులో కూడ ఇది దొరకినది. దీని దాయాదియగు క్రిప్టోకాకస్ గట్టీ అనునది యూకలిప్టస్ చెట్లతో చెలిమి చేయుచున్నదని 1990లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎల్లిస్, ఫైఫర్ అనువారు ప్రకటించిరి. అటులనే 1999 మొదలు కెనడాలోని వాంకూవర్ ద్వీపమున ఈ గట్టీ జాతి పలువురికి వ్యాధి కలిగించెను.

ఇది విని పావురములను తరుముటకో, చెట్లను నరకుటకో పూనుకొనవలదు. ఈ ధూళిని మనలో చాలమంది ఎప్పుడో ఒకప్పుడు పీల్చియే యుందుము. ఊపిరితిత్తులలో చేరిన ఆ కణములను శరీరరక్షక శక్తి చంపివేయును. లేదా చెరబట్టి ఉంచును. చెరసాల కావలివారు బలవంతులుగా ఉన్నంతకాలము ఖైదీ కదలడు. కావలి బలహీనమైనప్పుడే అది రక్తములో పడి మెదడు పొరలకు చేరును.

కావలి ఎవరికి బలహీనమగును? ముఖ్యముగా హెచ్.ఐ.వి. సోకి, చికిత్స పొందని వారికి. లేక చికిత్సను మధ్యలో మానివేసిన వారికి. మూత్రపిండము వంటి అవయవము మార్పించుకొని, దానికై మందులు వాడుచున్నవారికి. కొన్ని రక్తవ్యాధులు, కాలేయవ్యాధులు కలవారికి. స్టీరాయిడ్ మాత్రలు దీర్ఘకాలము వాడువారికి. ఈ చివరి మాటను నొక్కి చెప్పుచున్నాను. కీళ్ళనొప్పులకు, ఉబ్బసమునకు ఎవరో ఇచ్చిన మాత్రలను పేరైన తెలియక ఏండ్ల తరబడి వాడువారు మన పల్లెలలో ఉన్నారు. అవి స్టీరాయిడులు కావచ్చును. వానిని తమంతట తాము ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే. వైద్యునికి చూపి ఆయన చెప్పినట్లు తగ్గించుకొనవలెను. ఇక పైకి ఏ లోపమును లేనివారికి కూడ, అరుదుగానైనను, ఈ వ్యాధి వచ్చును. గట్టీ జాతికి ఆ స్వభావము ఎక్కువ. కావున ఈ వ్యాధి వచ్చినదనగానే రోగి నడతను శంకించుట న్యాయము కాదు.

మరియొక మాట. ఈ వ్యాధి మనిషినుండి మనిషికి అంటదు. ఒకే కంచములో తినినను, ఒకే ప్రక్కమీద పరుండినను, రోగికి సేవ చేసినను అంటదు. రోగిని వేరు గదిలో ఉంచనవసరము లేదు.

ఆ కణము మెదడు పొరలలో చేసెడి పని యేమి? దాని చుట్టును జిగురువంటి చక్కెర పదార్థముతో చేసిన మందమైన కవచముండును. ఆ కవచము వలన రక్తములోని తెల్లకణములు దానిని సులభముగా పట్టుకొనలేవు. కణములు పెరిగిన కొలది ఆ జిగురు నీటిలో కలసి, నీరు రక్తములోనికి ఇంకెడి సూక్ష్మమార్గములను మూసివేయును. ఊట ఆగదు, ఇంకుట మాత్రము ఆగును. తూము పూడిన చెరువువలె నీరు పెరిగి, పుర్రె అను పెట్టెలో ఒత్తిడి హెచ్చును. ఆ ఒత్తిడియే తలనొప్పి. ఆ ఒత్తిడియే వాంతి. కంటి కండరమునకు పోవు నరము నలిగినచో ఒకటి రెండుగా కనబడును. చూపునరము నలిగినచో చూపు పోవును. కొందరికి వినికిడి తగ్గును. కొందరి స్వభావమే మారును. శాంతముగా ఉండువాడు విసుగుకొనును. లెక్కలు వ్రాయువాడు లెక్క తప్పును. ఇంటివారు దీనిని మానసిక వ్యాధియనియో, గాలి సోకినదనియో అనుకొందురు.

మెనింజైటిస్ అనిన మెడ బిగిసికొనిపోవునని చదువుకొన్నవారు చెప్పుకొందురు. ఈ వ్యాధిలో చాలమందికి మెడ బిగియదు. జ్వరము కూడ స్వల్పముగా ఉండును, లేకపోవచ్చును. కావున మెడ వంగుచున్నది గదా, జ్వరము లేదు గదా అని ధైర్యపడరాదు.

దీని గుట్టు బయటపెట్టు మార్గము ఒక్కటే: ఆ నీటిని చూచుట. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిహ్ క్వింకె నడుము దగ్గర సన్నని సూదితో ఆ నీటిని తీయు పద్ధతిని ప్రవేశపెట్టెను. అప్పటినుండి లోకమంతట అది జరుగుచున్నది. ఇప్పుడు ఆ తల్లి భయమునకు సమాధానము చెప్పవలెను. కాళ్ళను ఆడించు వెన్నుపాము, పెద్దవారిలో నడుము పైభాగమున, మొదటి రెండవ కటి పూసల దగ్గరనే ముగియును. సూది గ్రుచ్చునది దానికి దిగువ, మూడవ నాలుగవ పూసల మధ్యనో, నాలుగవ అయిదవ పూసల మధ్యనో. అక్కడ వెన్నుపాము లేదు. నీటిలో తేలు నరముల పోగులు మాత్రము కలవు. సూది వచ్చినప్పుడు అవి నీటిలోని దారములవలె ప్రక్కకు తొలగును. తీసిన నీరు తరుగునని దిగులు వలదు. గంటకు సుమారు 20 మిల్లీలీటర్లు ఊరు బావి అది. పరీక్షకు తీయు కొలది నీరు ఒక గంటలో మరల నిండును.

దీనిలో బాధయే లేదని చెప్పను. చర్మమును మొద్దుబరచు మందు వేయునప్పుడు చురుక్కుమనును. కొందరికి తరువాత రెండు మూడు దినములు నడుము నొప్పియో, తలనొప్పియో ఉండును. మెదడులో గడ్డ ఉన్నదన్న అనుమానమున్నచో, వైద్యుడు ముందుగా తల చిత్రమును తీయించి చూచును. సూది గ్రుచ్చు చోట చీమున్నను, రక్తము గడ్డకట్టు గుణము తక్కువైనను జాగ్రత్తపడును. అట్టి జాగ్రత్తలు తీసికొని చేయునప్పుడు కాళ్ళు పడిపోవునను భయమునకు తావు లేదు. కాళ్ళు, కళ్ళు, ప్రాణము పోవునది నీరు తీయుట వలన కాదు, తీయకపోవుట వలన.

తీసిన నీరు తేటగానే ఉండవచ్చును. దానిలో ఒక చుక్కకు నల్లసిరా చుక్క కలిపి సూక్ష్మదర్శినిలో చూతురు. ఆ సిరాకు ఇండియా ఇంకు అని పేరు. పుట్టినిల్లు మాత్రము చైనా. సిరా నలువైపుల క్రమ్ముకొనును గాని కణము చుట్టుననున్న కవచములోనికి చొరలేదు. అందువలన చీకటి రాత్రిలో గుడి కట్టిన చంద్రునివలె ఆ కణము తెల్లని వలయముతో మెరయును. దాగిన గింజ దొరకిపోవును! కణములు కొద్దిగా ఉన్నప్పుడు ఈ పరీక్షలో దొరకకపోవచ్చును. దానికి ఇంకను మంచి ఉపాయము వచ్చినది. ఆ కవచపు జిగురును పట్టి చూపు కాగితపు పట్టీ పరీక్ష 2011 నుండి వాడుకలో ఉన్నది. ఒక చుక్క నీటితో, లేక ఒక చుక్క రక్తముతో, 10 నిమిషములలో ఫలితము తెలియును. పెద్ద యంత్రము అక్కరలేదు.

నీటిని చూడక మందు ఇచ్చుటలో మరియొక అపాయమున్నది. క్షయ వలన వచ్చు మెనింజైటిస్, ఈ వ్యాధి, పైకి అక్కాచెల్లెండ్రవలె ఉండును. క్షయలో, దాని మందులతోపాటు స్టీరాయిడ్ ఇచ్చుట మరణములను తగ్గించునని వియత్నాంలో జరిగి 2004లో ప్రకటింపబడిన పరిశోధన చూపెను. అదే మేలు శిలీంధ్రవ్యాధిలోను కలుగునేమోయని ఆసియా, ఆఫ్రికా ఖండములలోని ఆరు దేశములలో పరీక్షించిరి. ఫలితములు 2016లో వెలువడెను. మరణములు తగ్గలేదు సరికదా, అవిటితనము హెచ్చెను. శిలీంధ్రము నీటిలోనుండి మెల్లగా పోయెను. 451 మంది చేరునప్పటికే ఆ పరిశోధనను ఆపివేసిరి. ఒక వ్యాధిలో అమృతమైనది మరియొక వ్యాధిలో విషమగుట ఇట్లుండును. ఏది ఏ వ్యాధియో చెప్పగలిగినది ఆ చెంచాడు నీరే.

నీరు తీయుట పరీక్ష మాత్రమే కాదు, చికిత్స కూడ. సామాన్యముగా ఆ నీటి ఒత్తిడి 20 సెంటీమీటర్లకు లోపుగా ఉండును. ఈ వ్యాధిలో 25 దాటుట తరచు. కొందరిలో 40 కూడ దాటును. అప్పుడు కొంత నీరు తీసి ఒత్తిడిని దించినచో రోగికి ఆ మంచము మీదనే ఊరట కలుగును. మరల పెరిగినచో మరల తీయవలెను. కొందరికి ప్రతిదినము తీయవలసి వచ్చును. ఉగాండా, దక్షిణాఫ్రికాలలోని రోగులను గూర్చి 2014లో ప్రకటింపబడిన పరిశీలనలో, ఇట్లు నీరు తీయించుకొన్నవారిలో మొదటి దినములలోని మరణములు స్పష్టముగా తగ్గినవి. "ఒకసారి తీశారు కదా, మళ్ళీ ఎందుకు?" అని అడుగు బంధువులకు ఇదియే జవాబు.

ఇక మందులు. ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చినవాడు బ్రతుకుట లేదు. దక్షిణ అమెరికాలో వెనిజులా దేశమున ఓరినోకో నదీ ప్రాంతపు మట్టిలో నివసించు ఒక సూక్ష్మజీవినుండి 1950ల నడుమ యాంఫోటెరిసిన్-బి అను మందును తీసిరి. మట్టిలో పుట్టిన శత్రువునకు మందు మట్టిలోనే దొరకినది. అది బలమైన మందు. కాని మూత్రపిండములకు కష్టము కలిగించును, రక్తములోని పొటాషియమును తగ్గించును. ఆ మందును సన్నని కొవ్వు బుడగలలో ఇమిడ్చి చేసిన లైపోసోమల్ రూపము ఆ బాధను చాలవరకు తగ్గించినది. రెండవది ఫ్లూసైటోసిన్. దీనిని 1957లో క్యాన్సరుకై తయారుచేసిరి, అందులకు పనికిరాలేదు, తరువాత శిలీంధ్రములకు శత్రువైనది. మూడవది ఫ్లూకొనజోల్, నోట మ్రింగు మాత్ర; 1990లో అమెరికాలో అనుమతి పొందినది. ఇది సులభముగా దొరకును గాని, మొదటి చికిత్సగా ఇది ఒక్కటే చాలదు.

2022లో ఆఫ్రికాలోని అయిదు దేశములలో జరిగిన ఒక గొప్ప పరిశోధన ఫలితములు వెలువడెను. లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ను ఒక్క దినము మాత్రమే పెద్ద మోతాదులో ఇచ్చి, తక్కిన రెండు మందులను 14 దినములు నోటి ద్వారా ఇచ్చిరి. 10 వారములలో మరణించినవారు నూటికి సుమారు 25 మంది. అంతకుముందు సిఫారసు చేయబడిన, ఏడు దినములు సూదిమందు ఎక్కించు పద్ధతిలో నూటికి సుమారు 29 మంది. ఒక్క దినపు మందు ఏడు దినముల మందుకు తీసిపోలేదు. అదే సంవత్సరము ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని హెచ్.ఐ.వి. గలవారికి సిఫారసు చేసినది. ఇది సంతోషవార్త. కాని అంకెను మరల చూడుడు. మంచి మందులన్నియు ఇచ్చినను నలుగురిలో ఒకరు దక్కలేదు. కారణములలో ముఖ్యమైనది, వారు వచ్చునప్పటికే వ్యాధి ముదిరియుండుట.

రెండు వారములకు చికిత్స ముగిసినదని అనుకొనరాదు. తరువాత 8 వారములు ఫ్లూకొనజోల్ హెచ్చు మోతాదులోను, ఆపైన తక్కువ మోతాదులో ఒక సంవత్సరము, కొందరికి అంతకుమించియు వాడవలెను. తలనొప్పి పోయినదని మాత్రలు మానివేసినవారిలో వ్యాధి తిరుగబెట్టుట సామాన్యము. హెచ్.ఐ.వి. మందులను కొత్తగా మొదలుపెట్టువారికి ఇంకొక నియమము కలదు. ఈ మెనింజైటిస్ ఉన్నప్పుడు వానిని వెంటనే ఆరంభింపక, 4 మొదలు 6 వారములు ఆగవలెను. ఉగాండా, దక్షిణాఫ్రికాలలో జరిగి 2014లో ప్రకటింపబడిన పరిశోధనలో, త్వరపడి ఆరంభించినవారిలో 26 వారములలో నూటికి 45 మంది, ఆగి ఆరంభించినవారిలో నూటికి 30 మంది మరణించిరి. మేలుకొన్న కావలివాడు చీకటిలో ఇంటివారినే కొట్టినట్లు, ఒక్కసారిగా లేచిన రక్షకశక్తి వాచిన మెదడుకే హాని చేయుట దీనికి కారణము.

హెచ్.ఐ.వి. గలవారిలో 2020వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 1,52,000 మందికి ఈ మెనింజైటిస్ వచ్చినదనియు, 1,12,000 మంది మరణించిరనియు అంచనా. ఎయిడ్స్ మరణములలో నూటికి 19 దీనివలననే. ఇది మనకు దూరపు సంగతి కాదు. మన దేశములో హెచ్.ఐ.వి. 1986లో మద్రాసులో మొదట కనబడెను. 2021 అంచనాల ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సు వారిలో దేశమంతట నూటికి 0.21 మందికి ఇది ఉండగా, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 ఉన్నది. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. 2017 నుండి సోకిన వారందరికిని ఇచ్చుచున్నది. మందులు సక్రమముగా వాడువారి కావలి బలముగా ఉండును. ఈ శిలీంధ్రమునకు అక్కడ చోటు దొరకదు. భయము వలన, సిగ్గు వలన, ఊరు మారుట వలన మందులు మానినవారికే ముప్పు.

అట్టి వారిని తలనొప్పి రాకముందే కాపాడు మార్గమున్నది. ఈ శిలీంధ్రపు జిగురు, తలనొప్పికి కొన్ని వారములు ముందుగానే రక్తములో కనబడును. కావున రక్తములో సీడీ4 కణములు ఘన మిల్లీమీటరుకు 100 కంటె తగ్గినవారికి, వీలైనచోట్ల 200 కంటె తగ్గినవారికి, నేను చెప్పిన పట్టీ పరీక్ష చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. శిలీంధ్రము జాడ కనబడి, మెదడుకు ఇంకను చేరకున్నచో, మాత్రలతోనే దానిని ఆపవచ్చును. టాంజానియా, జాంబియా దేశములలో ఈ పరీక్ష చేసి, రోగులను ఇంటికి వెళ్ళి కనిపెట్టి చూచుట వలన మరణములు నూటికి 28 వంతులు తగ్గినవని 2015లో ప్రకటించిరి. ఒక రక్తపు బొట్టు, ఒక కాగితపు పట్టీ, ఇంటికి వచ్చి పలుకరించు ఒక మనిషి: ఇంతే కావలసినది.

మొదట చెప్పిన కుటుంబమునకు మరల వత్తము. వారు రోగిని ఇంటికి తీసికొనిపోయిరని చెప్పితిని. ఆ కథకు రెండు ముగింపులు గలవు. ఇంటిలోనే ఉంచినచో ఏమగునో చెప్పనక్కరలేదు. చికిత్స లేనిచో ఈ వ్యాధి ప్రాణము తీయక విడువదు. రెండవ ముగింపు ఇది. ఆ రాత్రి పొరుగింటి ఉపాధ్యాయురాలు వచ్చి, ఆ తల్లి ప్రక్కన కూర్చుండి, "పిన్నీ, సూది గుచ్చే చోట వెన్నుపాము ఉండదట. ఆ నీరు మళ్ళీ ఊరుతుందట. రేపు పొద్దున్నే మనం వెళ్దాం, నేనూ వస్తాను" అని చెప్పును. మరునాడు నీరు తీయుదురు. చాల దినములకు ఆయన తల పట్టుకొనక నిద్రించును. మందులు మొదలగును. అందరును దక్కుదురని చెప్పజాలను. కాని దక్కు మార్గము అదియొక్కటే.

ఆ ఉపాధ్యాయురాలి మాటను మీలో ఎవరైనను చెప్పవచ్చును. అందుకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. మూడు సంగతులు జ్ఞాపకముండిన చాలును. రెండు వారములు దాటినను పోని తలనొప్పికి, అందులోను వాంతులు, చూపు మారుట, మతి తప్పుట తోడైనప్పుడు, దుకాణపు మాత్రలు మందు కావు. వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. రోగి వాడుచున్న మందులను, స్టీరాయిడులైనను, హెచ్.ఐ.వి. మందులైనను, మానినవైనను, వైద్యునికి దాచక చెప్పవలెను. వెన్నులో నీరు తీయవలెనని వైద్యుడు చెప్పినప్పుడు, కాదనక ముందు ఎందుకని అడుగవలెను, విని, ఒప్పుకొనవలెను.

దాగియుండుట ఆ గింజకు బలము. దానిని వెలుగులోనికి తెచ్చుట మన చేతిలో ఉన్నది.